బోటు మీది పాత పేరు చెరపడం: కింది మెరుపు పోకుండా చేసే పద్ధతి

సోమశిల రేవులోనో, సాగర్ బ్యాక్‌వాటర్ ఊళ్లలోనో సెకండ్ హ్యాండ్ ఫైబర్ బోటు కొన్నవాళ్లకు ఇంజను పని అయిపోగానే మిగిలే పని ఇది. పక్కల మీద పాత ఓనరు పేరో, వాళ్ల ఇలవేల్పు పేరో, మత్స్య సహకార సంఘం పేరో మూరెడు ఎర్ర అక్షరాల్లో ఉంటుంది. 2016 అక్టోబరు 11న జిల్లాలు విడిపోయాక కొల్లాపూర్ నాగర్‌కర్నూల్ జిల్లాలోకి వచ్చింది, గద్వాల వేరే జిల్లా అయింది, వనపర్తి వేరే అయింది, అంతకు ముందు రాయించిన బోటు మీద మాత్రం మహబూబ్‌నగర్ జిల్లా అనే ఉండిపోతుంది. ఎవరో ఒకరు హార్డ్‌వేర్ షాపుకు పోయి పెయింట్ రిమూవర్ డబ్బా, ఇనుప పట్టీ తెచ్చి మధ్యాహ్నానికల్లా గీకేస్తారు. పేరు పోతుంది. పేరున్న చోట మెరుపు కూడా పోతుంది, ఆ మచ్చ పేరు కంటే వికారంగా కనబడుతుంది, ఇక బోటు పక్క మొత్తానికి రంగు వేయించడం తప్ప దారి ఉండదు. వేలకు వేలు అలా అనవసరంగా పోతాయి కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఈ పనికి పద్ధతి ఒకటే. అన్నిటికంటే మెత్తటి దానితో మొదలుపెట్టాలి, అది పనిచేయలేదని తేలాకే దాని తర్వాత గట్టి దానికి పోవాలి. ప్రతి మెట్టూ ముందు కనబడని మూలలో అరచేయంత చోట చేసి చూడాలి.

అసలు మొదలుపెట్టే ముందు ఏది చెరపాలో, ఏది చెరపకూడదో చూసుకోండి. రిజిస్ట్రేషన్ ఉన్న బోటైతే ఆ నంబరు జోలికి పోవద్దు. దేశంలో నదుల్లో, జలాశయాల్లో తిరిగే యాంత్రిక పడవలకు 1917 నాటి చట్టం తీసేసి 2021లో కొత్త ఇన్‌లాండ్ వెసెల్స్ చట్టం తెచ్చారు, రిజిస్టరైన బోటు మీద ఆ గుర్తు కనబడేలా ఉండాల్సిందే. అలాగే ఎంతమంది ఎక్కవచ్చో రాసిన అంకె, నీళ్లలో ఎంతవరకు మునగవచ్చో చెప్పే గీత ఉంటే వాటి మీద మాస్కింగ్ టేప్, పైన పాత పేపరు వేసి కప్పేయండి. జనాన్ని ఎక్కించుకునే బోటుకు అవి ప్రాణం కాపాడే రాతలు.

ఇప్పుడు కింద ఉన్నదేమిటో తెలుసుకోవాలి, ఎందుకంటే పద్ధతి అంతా దాన్నిబట్టే మారుతుంది. ఫైబర్ బోటు అచ్చులోంచి వచ్చినప్పుడు దాని పైపొర జెల్‌కోట్. అది రంగు కలిపిన రెసిన్, మందం సుమారు అర మిల్లీమీటరు. ఆ మెరుపంతా దానిదే, నీళ్లు లోపలి ఫైబర్‌కు చేరకుండా ఆపేదీ అదే. దాని మీదే నేరుగా పేరు రాసి ఉంటే మీ అదృష్టం బాగున్నట్టు, ఎందుకంటే అక్షరాల రంగు, జెల్‌కోట్ రెండూ వేరే జాతి పదార్థాలు, ఒకదాన్ని తీసి ఇంకోదాన్ని ఉంచవచ్చు. కానీ మధ్యలో ఎవరైనా బోటు మొత్తానికి ఎనామెల్ వేయించి, ఆ పైన మళ్లీ ఎనామెల్‌తోనే పేరు రాయించి ఉంటే కష్టం. అక్షరాన్ని కరిగించేది కింది రంగునూ కరిగిస్తుంది.

ఎలా తెలుస్తుంది? లోపలి అంచు దగ్గర ఒక చోట సబ్బు నీళ్లతో బాగా కడిగి ఆరనివ్వండి. తెల్ల కాటన్ బట్టకు కాస్త ఎన్‌సీ తిన్నర్, అంటే లక్కర్ పెయింట్లను పల్చన చేసే బలమైన రకం, తడిపి పావు నిమిషం రుద్దండి. బట్టకు రంగు జిగటగా అంటుకుని ఆ చోటు మెత్తబడితే అది ఎనామెల్. ఏమీ అంటకపోయినా, పొడిపొడిగా కాస్త తెల్లగా వచ్చినా అది జెల్‌కోట్, లేదా తిన్నర్‌కు లొంగని రెండు డబ్బాల పెయింటు, అంటే హార్డ్‌నర్ కలిపి వేసే రకం. కడగకుండా ఈ పరీక్ష చేయొద్దు. ఎండకు తిన్న జెల్‌కోట్ మీద సుద్దలా పొడి పట్టి ఉంటుంది, అది బట్టకు అంటితే రంగు అనుకుని పొరబడతారు.

అక్షరాలు ఏంటివో కూడా చూడాలి. గోరుతో అంచు లేపి చూడండి, పొరలా లేస్తే స్టిక్కర్, మన దగ్గర రేడియం స్టిక్కర్ అంటాం. లేవకుండా గోరుకు గరుకుగా తగిలితే కుంచెతో రాసిన పెయింటు.

స్టిక్కరైతే సగం పని ఎండే చేస్తుంది. పొద్దున పది గంటలప్పటి ఎండకు బోటును అలా ఉంచితే జిగురు మెత్తబడుతుంది. నీడలో చేయాల్సి వస్తే జుట్టు ఆరబెట్టే డ్రయ్యర్ చాలు, వెల్డింగ్ షాపులో ఉండే హీట్ గన్ వద్దు, ఫైబర్ మీద అది క్షణాల్లో బుడగలు లేపుతుంది. వేడెక్కిన అక్షరం మూల లేపి, పైకి గుంజకుండా వెనక్కి మడిచి, బోటుకు ఆనించినట్టే నెమ్మదిగా లాగండి. పాతబడి పెళుసెక్కిన స్టిక్కర్ ముక్కలు ముక్కలుగా ఊడుతుంది, దానికి ఓపిక తప్ప మందు లేదు, పాత ఏటీఎం కార్డు అంచుతో తోసుకుంటూ పోవడమే. మిగిలిన జిగురుకు కిరోసిన్ గానీ నీలగిరి తైలం గానీ బట్టతో రాసి ఐదు నిమిషాలు నాననిచ్చి తుడవండి, ఆ తర్వాత సబ్బు నీళ్లతో జిడ్డు పోయేదాకా కడగండి. జిగురు తుడిచే పని మాత్రం నీడలో చేయాలి.

పెయింటు అక్షరాల దగ్గరే ఎక్కువ మంది బోటు పాడు చేసుకునేది, అందుకే దీన్ని నిదానంగా చెప్తాను.

ముందు కాలం, సమయం. శ్రీశైలం నీళ్లు తగ్గి సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో బోట్లు ఒడ్డున తీరుబడిగా ఉంటాయి, ఈ పని అందరూ అప్పుడే పెట్టుకుంటారు. మంచిదే, కానీ ఏప్రిల్, మే ఎండల్లో బోటు పక్క మీద చెయ్యి పెట్టలేం. అంత వేడి మీద తిన్నర్ పోస్తే పని చేయకముందే ఆవిరైపోతుంది, కరిగిన రంగు అక్కడికక్కడే మళ్లీ ఎండి అతుక్కుంటుంది. పొద్దున తొమ్మిదిలోపు చేయండి, లేకపోతే టార్పాలిన్ కట్టి నీడ చేసుకోండి. అరచెయ్యి ఆనించి హాయిగా ఉంచగలిగితేనే తిన్నర్ మూత తీయాలి.

కడగడం సరిగ్గా చేయండి. పాచి, నూనె జిడ్డు, దుమ్ము మీద ఏం రుద్దినా ఆ మట్టే గీతలు పెడుతుంది. గిన్నెలు తోమే లిక్విడ్ కలిపిన నీళ్లు, మెత్తటి స్పాంజి చాలు, గిన్నెల పీచు వద్దు. నల్లగొండ వైపు బోరు నీళ్లతో కడిగేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి, ఆ ఉప్పు నీళ్లు ఆరిపోతే తెల్లటి చారలు పడతాయి, కాబట్టి ఆరకముందే పొడి బట్టతో తుడిచేయాలి. ఇప్పటికే చారలు ఉంటే నిమ్మరసమో వెనిగరో రాసి కడిగితే పోతాయి.

మొదటి మెట్టు గీకడం, అదీ ప్లాస్టిక్‌తో. జెల్‌కోట్ మీద సరిగా గరుకు చేయకుండా రాసిన ఎనామెల్ ఏళ్లు గడిచేసరికి పట్టు వదిలేసి ఉంటుంది. పాత ఏటీఎం కార్డు, ప్లాస్టిక్ స్కేలు, కార్లకు స్టిక్కర్లు అంటించేవాళ్ల దగ్గరుండే ప్లాస్టిక్ పట్టీ, ఏదైనా సరే పడుకోబెట్టినట్టు పట్టుకుని అక్షరం అంచు నుంచి లోపలికి తోయండి. ఎంత వస్తే అంత. ఒక్కోసారి అక్షరాలకు అక్షరాలే పెళ్లలుగా లేచిపోతాయి. ఇనుప లప్పం పట్టీ జోలికి మాత్రం పోవద్దు, దాని మూల ఒక్కసారి గుచ్చుకుంటే ఆ గీత జెల్‌కోట్ లోపలిదాకా దిగుతుంది.

టర్పెంటైన్‌తో పోతుందా అని చాలామంది అడుగుతారు. పచ్చి ఎనామెల్‌నైతే టర్పెంటైన్ కరిగిస్తుంది, ఎండి ఏళ్లయిన దాన్ని ఏమీ చేయలేదు. జిడ్డు, తారు మరకలు తుడవడానికి వాడుకోండి, అంతవరకే. స్పిరిట్ దానికంటే కాస్త నయం, తడి బట్టను అక్షరం మీద పరిచి పైన పాలిథిన్ కప్పి పది నిమిషాలు ఉంచితే కొన్ని రంగులు మెత్తబడి కార్డుకు లేస్తాయి. దీనివల్ల జెల్‌కోట్‌కు హాని లేదు కాబట్టి ముందు ఇది చేసి చూడటంలో నష్టమేమీ లేదు.

దానికీ లొంగకపోతే అప్పుడు ఎన్‌సీ తిన్నర్. ఇది బలమైనది. ఎంతసేపు తాకనిచ్చామనే దాని మీదే అంతా ఉంటుంది. బోటు మీద పోయకూడదు, నానబెట్టకూడదు, పాలిథిన్ కప్పకూడదు. చిన్న బట్ట ముక్క తడిపి పిండి, అక్షరంలో ఒక్క గీత మీద, అంటే 'క'కు ఒక వంపు తీసుకున్నారనుకోండి ఆ వంపు మీదే, ఇరవై ముప్పై సెకన్లు రుద్ది, వెంటనే వేరే పొడి బట్టతో తుడిచేయాలి. బయటి అంచు నుంచి అక్షరం మధ్యకు తుడవాలి, మధ్య నుంచి బయటికి తుడిస్తే కరిగిన ఎరుపు చుట్టూ ఉన్న తెలుపులోకి పాకుతుంది. ఎండకు తిన్న జెల్‌కోట్‌కు కంటికి కనబడని రంధ్రాలుంటాయి, ఎరుపు, నీలం వాటిలోకి దిగితే గులాబీ మరక మిగులుతుంది. అందుకే బట్టలో రంగు అంటిన వైపు మళ్లీ బోటుకు తగలనివ్వొద్దు, మడతపెట్టి శుభ్రమైన వైపు తిప్పుకోండి, లేదా కొత్త ముక్క తీసుకోండి. పాత కాటన్ చీర ఒకటి మొత్తం అయిపోతుంది, దానికి సిద్ధపడే కూర్చోండి. ఒక అక్షరం అయ్యాక ఆ చోటును తడి గుడ్డతో తుడిచి, కాసేపు ఆరనిచ్చి, గోరుతో నొక్కి చూడండి. గోరు దిగినట్టు మెత్తగా ఉంటే జెల్‌కోట్ తిన్నర్ తాగింది, ఆ రోజుకు అక్కడ ఆపేయండి, గట్టిపడ్డాకే మళ్లీ.

పెయింట్ రిమూవర్ గురించి కచ్చితంగా చెప్తున్నాను, ఫైబర్ బోటుకు వద్దు. అందులో డైక్లోరోమిథేన్ లాంటివి ఉంటాయి, అవి పెయింటుకూ జెల్‌కోట్‌కూ తేడా చూడవు, రెండిటినీ తింటాయి. కాస్టిక్ సోడా అల్యూమినియం బోటు మీద పడితే లోహాన్నే కొరుకుతుంది, చేతులు కాలుతాయి. పెట్రోలుతో తుడిచేవాళ్లను చూస్తుంటే భయమేస్తుంది, దయచేసి ఆ పని చేయకండి. తిన్నర్ కూడా మండేదే, చుట్టుపక్కల బీడీ, పొయ్యి ఉండకూడదు, బోటు బ్యాటరీ వైరు విప్పేయాలి, గాలి ఆడే చోట కూర్చోవాలి. పల్చటి రబ్బరు గ్లోవ్స్ తిన్నర్‌కు చీకిపోతాయి, నైట్రిల్ గ్లోవ్స్ అని అడిగి తెచ్చుకోండి.

తిన్నర్‌తో వచ్చినంత వచ్చాక కూడా అక్షరాల నీడలా సన్నటి పొర మిగులుతుంది. దానికి వాటర్ పేపర్, అంటే నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితం. ఇక్కడ నంబర్లు ముఖ్యం. 800తో మొదలుపెట్టండి, అంతకంటే గరుకు వద్దు. తర్వాత 1000, 1500, 2000. పేపర్లను ముందే కాసేపు నీళ్లలో నాననివ్వాలి, బకెట్ నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసుకోవాలి. వేళ్లతో నేరుగా రుద్దితే వేళ్ల కింద గాడులు పడతాయి, అందుకే పాత హవాయి చెప్పు కోసి ఆ ముక్కకు పేపర్ చుట్టుకోండి, బోటు వంపుకు తగ్గట్టు అది వంగుతుంది. నీళ్లు పోస్తూ, బరువు వేయకుండా, చెయ్యి ఒకే చోట ఆగకుండా. అక్షరం మీద మాత్రమే రుద్దితే అక్కడ పల్లం పడి ఎండలో వంకరగా మెరుస్తుంది, కాబట్టి పేరున్న పట్టీ మొత్తాన్ని, చుట్టూ బెత్తెడు ఎక్కువ కలుపుకుని, సమంగా చేయాలి. ఒక నంబరు అడ్డంగా రుద్దితే తర్వాతి నంబరు నిలువుగా రుద్దండి, ముందటి గీతలు పోయాయా లేదా అన్నది అప్పుడే కనబడుతుంది. అంచుల దగ్గర, మూలల దగ్గర జెల్‌కోట్ ఇంకా పల్చగా ఉంటుంది, అక్కడ 1000తోనే మొదలుపెట్టండి. మధ్యమధ్యలో తుడిచి చూస్తుండాలి. తెలుపు కాస్త పారదర్శకంగా మారినా, నేత గళ్లలా కనబడినా ఇక జెల్‌కోట్ అయిపోతోందని అర్థం, వెంటనే ఆపండి.

పొడిగా మాత్రం ఎప్పుడూ రుద్దొద్దు. దీనికి మెరుపు కంటే పెద్ద కారణం ఉంది. మన దేశంలో ఇళ్లకు, అలంకరణకు వాడే పెయింట్లలో సీసం 90 పీపీఎం, అంటే పది లక్షల పాళ్లలో 90 పాళ్లు, మించకూడదనే నిబంధన 2017 నవంబరులో అమల్లోకి వచ్చింది. అంతకు ముందు రాసిన ఎరుపు, పసుపు, నారింజ అక్షరాల్లో సీసం దండిగా ఉండొచ్చు. పొడి దుమ్ము ఊపిరితో లోపలికి పోతుంది, ఒడ్డున ఆడుకునే పిల్లలకు అది మరీ ప్రమాదం, వాళ్ల మెదడు ఎదుగుదల దెబ్బతింటుంది. తడిగా రుద్దండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, పని అయ్యాక చేతులు కడుక్కుని గానీ అన్నం ముట్టొద్దు.

అదే కారణంతో ఇంకో మాట. బోటును నీళ్ల అంచున పెట్టి ఈ పని చేయొద్దు. ఒడ్డు మీదికి బాగా పైకి లాగి, కింద పాత ఫ్లెక్సీ పరిచి, పెళ్లలు, తిన్నర్ బట్టలు, రుద్దిన బురద అంతా దాని మీదే పడేలా చూసుకోండి. ఈ కృష్ణ నీళ్లే చుట్టుపక్కల ఊళ్లు తాగేది, సాగర్ నీళ్లైతే హైదరాబాద్ దాకా నల్లాల్లో వస్తాయి. మనం చేపలు పట్టుకునేదీ అందులోనే. తిన్నర్ బట్టల్ని ముద్ద చేసి మూలన పడేయకుండా ఎండలో విడివిడిగా ఆరేసి, ఆరాక పెళ్లలతో పాటు సంచిలో కట్టి మున్సిపల్ చెత్తలో ప్రమాదకరమైన చెత్త వేసే దాంట్లో ఇవ్వండి. కాల్చొద్దు, గుంతలో పూడ్చొద్దు.

ఇప్పుడు నీడ అక్షరాల సంగతి. ఇంత చేశాక కూడా పేరు దయ్యంలా కనబడుతూనే ఉంటుంది, చాలామంది ఇక్కడే నిరాశపడి తప్పు మీద తప్పు చేస్తారు. అది మిగిలిపోయిన పెయింటు కాదు. ఇన్నేళ్లూ అక్షరం కింద ఉన్న జెల్‌కోట్‌కు ఎండ తగల్లేదు, చుట్టూ ఉన్నదానికి తగిలి వెలిసిపోయింది. అంటే అక్షరం చోటు బాగుంది, పాడైంది చుట్టుపక్కల. మీరు అక్షరాన్నే ఇంకా ఇంకా రుద్దితే బాగున్న చోటును పాడుచేస్తున్నట్టు.

దీనికి ఒక సులువైన పరీక్ష ఉంది. ఆ పట్టీ మీద నీళ్లు చల్లి, తడిగా ఉన్నప్పుడే చూడండి. తడిలో నీడ మాయమైతే తేడా పైపైదే, పాలిష్‌తో పోతుంది. తడిలో కూడా కనబడితే రంగే లోతుగా వెలిసింది, పాలిష్‌తో తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు. ఇది ముందే తెలిస్తే రెండు రోజుల చాకిరీ తప్పుతుంది.

పాలిష్ అంటే రబ్బింగ్ కాంపౌండ్. కార్ల పెయింటింగ్ షెడ్లలో వాడేదే. నీడ పడ్డ చోట వదిలేసి చుట్టూ ఉన్న వెలిసిన భాగం మీద ముందు పట్టండి, రెండూ ఒక తీరుకు వచ్చాక మొత్తం కలిపి ఒకసారి. చేత్తో అయితే గుండ్రంగా, చిన్న చిన్న భాగాలుగా. మిషన్ అద్దెకు తెస్తే పాలిషర్ తీసుకోండి, నిమిషానికి 1200 నుంచి 1800 తిరుగుళ్లలో నడపాలి. గ్రైండర్‌కు బఫ్ బిగించి పట్టొద్దు, నాలుగంగుళాల గ్రైండర్ నిమిషానికి పదకొండు వేల దాకా తిరుగుతుంది, ఆ వేడికి జెల్‌కోట్ మాడి పసుపు పచ్చబడుతుంది. బోటు ఒక పక్క మొత్తం పాలిష్ పట్టించడం నా సలహా. పేరున్న పట్టీ ఒక్కటే మెరిస్తే అదీ ఎబ్బెట్టే.

కింద ఎనామెల్ ఉన్న బోటుకు ఇదంతా కుదరదని ముందే చెప్పాను. వాళ్లు తిన్నర్ ముట్టుకోవద్దు. 800, 1000 వాటర్ పేపర్‌తో అక్షరాల ఎత్తు మాత్రం తగ్గించి, కింది రంగు కనబడటం మొదలవగానే ఆపి, సన్నటి పేపర్‌తో సాఫు చేసి కాంపౌండ్ పట్టవచ్చు. చెయ్యి నిదానమున్నవాళ్లకు బాగానే వస్తుంది. లేకపోతే ఆ పట్టీ వరకు టేప్ కట్టి అదే రంగు మళ్లీ వేయించడం నయం. ఇనుప లాంచీలకు కూడా ఇదే, కాకపోతే ఇనుము బయటపడితే అదే రోజు ప్రైమర్ వేయాలి, రాత్రి మంచుకే తుప్పు మొదలవుతుంది. చెక్క పడవలకు గీకేటప్పుడు చెక్క నార వెంబడే గీకాలి, అడ్డంగా వద్దు. పుట్టీల, అంటే గుండ్రటి బుట్ట పడవల మీద పేర్లు రాసేది తక్కువ, వాటి గొడవ మనకు లేదు.

చివరగా వ్యాక్స్. కాంపౌండ్ పట్టాక జెల్‌కోట్ పచ్చి చర్మంలా ఉంటుంది, వ్యాక్స్ పూయకపోతే మన ఎండకు ఒక్క ఎండాకాలంలోనే మళ్లీ సుద్ద పడుతుంది. పల్చగా రెండు పూతలు, ఒకటి ఆరి తుడిచాక ఇంకొకటి. కానీ అదే చోట కొత్త పేరు రాయించాలనుకుంటే అక్కడ మాత్రం వ్యాక్స్ రానివ్వకండి, దాని మీద పెయింటూ నిలవదు, స్టిక్కరూ నిలవదు. ముందు పేరు, అది బాగా ఆరాక చుట్టూ వ్యాక్స్. నన్నడిగితే ఈసారి పెయింటు కాకుండా మంచి వినైల్ స్టిక్కర్ వేయించండి, పాత నీడ ఇంకా కాస్త మిగిలి ఉంటే కొత్త అక్షరాలు దాని మీదే పడేలా సైజు చెప్పి కటింగ్ చేయించుకోవచ్చు.